డ్రెస్సర్ ఓదెలు నేర్పిన చూపు

నేను ఆరో తరగతి మూడేళ్లు చదివాను. నాలుగో ఏడు కూడా చదివేవాణ్నే గానీ, అప్పటికి ఆ పాఠాలు సార్ల కంటే నాకే బాగా వచ్చేశాయి. వాళ్ల పరువు పోకూడదని బడి మానేశాను. ఆ తర్వాత బెల్లంపల్లిలో మైకు సెట్టు పెట్టుకుని నోటితోనే బతుకుతున్నాను. అంత చదివినవాణ్ని, మొన్న ఒక వైరు తోలు ఒలవబోయి నా బొటనవేలి తోలు ఒలుచుకున్నాను. పక్కనున్న మందుల దుకాణం ఆవిడ జాలిపడి, దూదిని టింక్చర్‌లో ముంచి వేలికి అద్దింది. ఆ వాసన ముక్కుకు తగలగానే మంట సంగతి మరిచిపోయి వెనక్కి తిరిగి చూశాను. ఓదెలు కాక వచ్చి నిలబడ్డాడనే అనుకున్నాను. ఆయన పోయి రెండేళ్లయింది. అయినా ఆ వాసనకు ఆ సంగతి తెలియదు కదా.

ఓదెలు కాక నాకు చుట్టం కాదు. బొగ్గు బాయి దగ్గరి దవాఖానలో ముప్పై ఏళ్లు డ్రెస్సర్‌గా చేసి రిటైరైన మనిషి. డ్రెస్సర్ అంటే గాయాలు కడిగి కట్లు కట్టేవాడు. డాక్టరు కాదు, కంపౌండరూ కాదు. చదివింది నాలుగో తరగతి. రిటైరయ్యాక కూడా ఆయన చొక్కా నుంచి టింక్చర్ వాసన పోలేదు, ఆయన కళ్ల నుంచి డ్యూటీ పోలేదు. ఎదురుగా ఎవరు నడిచి వస్తున్నా ముందు కాళ్లు చూసేవాడు, తర్వాత చేతులు, చివరికి మొహం. ఫిట్స్ ఉన్నవాణ్ని బాయిలోకి దిగనివ్వరు. అది వాడి ప్రాణానికి మంచిదే, కానీ పని పోతుందన్న భయంతో వాళ్లు ఆ సంగతి దాచేవాళ్లు. పడిపోయి లేచినవాణ్ని ఏమైందని అడిగితే ఎండ తగిలిందనేవాడు, ఉపాసం ఉన్నాననేవాడు, ఏదీ నమ్మకపోతే తాగి ఉన్నాననేవాడు. తాగలేదని ఒట్టు పెట్టుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. చుక్క ముట్టకుండానే తాగానని ఒట్టు పెట్టుకునేవాళ్లను చూసింది ఓదెలు కాక ఒక్కడే. వాళ్ల మాట నమ్మలేక, డాక్టరు వచ్చేదాకా ఊరికే కూర్చోలేక, ఆయన చూడటం నేర్చుకున్నాడు.

ఆయన నన్ను మొదటిసారి తిట్టింది ఒక పెళ్లిలో. మంచిర్యాలలో ఫంక్షన్ హాలు, మధ్యాహ్నం భోజనాల వేళ. మైకు నాది. పెళ్లికొడుకు మేనమామ విస్తరి పట్టుకుని వరుసలో నిలబడ్డవాడు ఉన్నట్టుండి ఒక అరుపు అరిచి, కర్రలా బిగుసుకుపోయి వెనక్కి పడ్డాడు. ఆ వెంటనే కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. మా వైపు ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలంటారు, ఉల్లిగడ్డ చితక్కొట్టి వాసన చూపించాలంటారు. అది నేను చిన్నప్పటి నుంచి విన్నదే. చేతిలో మైకు ఉన్నవాడు ఊరుకుంటాడా?

"పెండ్లికి వచ్చిన పెద్దమనుషులకు మనవి! తాళంచెవులు ఉన్నోళ్లు జల్ది తేవాలె! ఇనుపవి తేవాలె! వంటోళ్లు ఉల్లిగడ్డ తేవాలె!" అని హాలు దద్దరిల్లేలా చెప్పాను.

నా మాటకు అంత విలువుందని నాకు ఆ రోజే తెలిసింది. మోటారు సైకిళ్ల చెవులు, బీరువాల చెవులు, దుకాణాల చెవులు, ఎవరిదో ట్రాక్టర్ చెవి కూడా వచ్చి ఆ మనిషి మీద వానలా పడ్డాయి. వంటమనిషి ఒక ఉల్లిగడ్డ తెస్తే బాగుండదనుకున్నాడేమో, గంపెడు తెచ్చాడు. నలుగురు మనిషిని నేలకేసి అదిమి పట్టారు. ఒకాయన చెంచా పట్టుకుని పళ్ల మధ్య దూర్చబోతున్నాడు. అప్పుడు జనాన్ని తోసుకుంటూ బక్కపల్చని ముసలాయన వచ్చాడు. ముందు నావైపే చూశాడు.

"మైకు బంద్ చెయ్ ర!"

బంద్ చేశాను. చెంచా లాగి అవతల పారేశాడు. "నోట్లె ఏం పెట్టద్దు. ఆయన పండ్లు ఇరుగుతయ్, లేకుంటే నీ ఏళ్లు తెగుతయ్. ఇడువుండ్రి, పట్టుకోకుండ్రి. గా బల్ల జరుపుండ్రి, తల తాకుతది" అన్నాడు. ఎవరిదో కండువా మడిచి తల కింద పెట్టాడు. మెడ దగ్గర గుండీ తీశాడు. కొట్టుకోవడం తగ్గగానే మనిషిని మెల్లగా పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. నోట్లోని చొంగంతా బయటికి కారిపోయింది. అంతసేపూ ఒక కన్ను మనిషి మీద, ఒక కన్ను చేతి గడియారం మీద.

"మూడు నిమిషాలు గాలే. నిమ్మలం. అయిదు దాటితే, లేకుంటే తెలివికి రాకముందే మల్లొకటి వస్తే, అప్పుడు దవాఖాన బండి పిలువాలె" అన్నాడు.

పెళ్లికొడుకు తండ్రి ఊపిరి పీల్చుకుని, "తాళంచెవులు మంచిగ పనిచేసినయే!" అన్నాడు. ఓదెలు కాక ఆయన్ని ఎగాదిగా చూసి, "ఔ బావా, మీ కోడి కూసినందుకే రోజూ తెల్లారుతున్నది" అన్నాడు. ఆ రోజు పొద్దుగూకేదాకా జనం తమ తాళంచెవుల కోసం వెతుక్కుంటూనే ఉన్నారు. ఒకాయన వేరేవాళ్ల ఇంటి చెవితో తన ఇంటికి వెళ్లాడని విన్నాను.

అందరూ సర్దుకున్నాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. శభాష్ అంటాడనుకున్నాను. "నువ్వు ఎత్తు మీద ఉన్నవ్, నీకే మంచిగ కనబడ్డది. మొదలు ఏ చెయ్యి బిగిసింది? కుడిదా, ఎడమదా? తల ఎటు మళ్లింది?" అని అడిగాడు. మనిషిని ఒక్కసారి చూస్తే వాడి నడక, దగ్గు, తుమ్ము అన్నీ దించేస్తానని నాకు పేరు. కానీ ఆ మనిషి గురించి నాకేమీ గుర్తులేదు. "నోరు నడిచినంతసేపు కండ్లు పనిచెయ్యయ్ ర. డాక్టరు వచ్చేవరకు ఫిట్స్ పోతది. డాక్టరుకు కనబడేది లేచి కూసున్న మనిషే. చూసినోడు చెప్తేనే ఆయనకు ఎరుకైతది. నువ్వు చూడలే, అరిసినవ్" అని వెళ్లిపోయాడు. ఆ వారమంతా ఆయన నడకను దించి టీ కొట్టు దగ్గర నవ్వించి పగ తీర్చుకున్నాను. నా తరహా అంతే.

అప్పుడు మా శ్రీజకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. మా ఇంట్లో ఆరో తరగతి గడప దాటినవాళ్లు లేరు. శ్రీజ దాటాలని నా భార్య పద్మ పంతం. కానీ ఆ ఏడు బడి నుంచి రోజుకొక ఫిర్యాదు వచ్చేది. పిల్ల వినదు, కిటికీ బయటికి చూస్తూ కూర్చుంటుంది, అడిగితే అబద్ధం ఆడుతుంది. డిక్టేషన్ పుస్తకంలో వాక్యాల మధ్య మాటలు మాయమయ్యేవి. "రాజు గుర్రం ఎక్కి" తర్వాత ఖాళీ, ఆ తర్వాత "చేరుకున్నాడు." ఎక్కడికి చేరుకున్నాడో ఆ రాజుకే తెలియాలి. పక్కన ఎర్ర సిరాతో "అశ్రద్ధ" అని రాసి ఉండేది. ఎందుకు రాయలేదే అని పద్మ అడిగితే శ్రీజ ఒకటే మాట. "నేను వింటనే ఉన్న అవ్వా. టీచర్ చెప్పలే." ఆ మాటకు బడిలో ఒక దెబ్బ, ఇంట్లో ఒక దెబ్బ. చివరికి హెడ్‌మిస్ట్రెస్ మమ్మల్ని పిలిచి, అర్ధసంవత్సరం పరీక్షలు కాగానే పిల్లను రెండో తరగతికి దింపుతామని, అక్కడా ఇదే వరస అయితే టీసీ తీసుకుపొమ్మని చెప్పింది. ఇంటికి వచ్చాక పద్మ, "నీ తెలివే వచ్చింది దానికి" అంది.

అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? పిల్ల పరధ్యానాన్ని కూడా నేను ఒక ఐటెం చేసుకున్నాను. దానికి "కరెంటు కట్" అని పేరు. టీ కొట్టు దగ్గర నలుగురు చేరితే చాలు, "మల్లేశం, కరెంటు కట్ కొట్టు" అనేవాళ్లు. నేను శ్రీజలా చేతులు కట్టుకుని "రెండు మూళ్ల ఆరు, రెండు నాలుగుల" అని మొదలుపెట్టి, అక్కడ ఆగిపోయేవాణ్ని. కళ్లు శూన్యంలోకి, రెప్పలు టపటపా, నోరు సగం తెరిచి. పదంకెల సేపు అలాగే ఉండి, ఏమీ జరగనట్టు "ఎనిమిది" అనేవాణ్ని. జనం పొట్టలు పట్టుకునేవాళ్లు. నా కన్నబిడ్డను ఎక్కిరించి నేను చప్పట్లు కొట్టించుకున్నాను. ఇది రాయకుండా దాటేస్తే ఓదెలు కాక గురించి రాసే హక్కు నాకు లేదు.

ఒక పొద్దున ఆ ఐటెం చేస్తున్నప్పుడు మూలన టీ తాగుతున్న ఓదెలు కాక ఒక్కడే నవ్వలేదు. చేతి గడియారం చూసుకుంటున్నాడు. "మల్ల చెయ్" అన్నాడు. ముసలాయనకు కూడా నచ్చిందని మురిసి మళ్లీ చేశాను. "మల్లొక్కసారి" అన్నాడు. మూడోసారి చేశాక నా దగ్గరికి జరిగాడు.

"గా రెప్పలు కొట్టుకునుడు నిజంగ ఉన్నదా, నవ్వు కోసం నువ్వు కలిపినవా?"

"నా నకల్ల కల్తీ ఉండది కాకా."

"ఎక్కడ ఆగిందో మల్ల ఆడికెంచే షురూ చేస్తదా?"

"ఆడికెంచే."

"మధ్యల పిలిస్తే?"

"పలుకది."

"తడితే?"

ఎప్పుడూ తట్టి చూడలేదు. "రోజుకు ఎన్నిసార్లు?" అన్నాడు. "ఎవలు లెక్కవెట్టిన్రు కాకా, పదో ఇరవయ్యో" అన్నాను నవ్వుతూనే. ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మల్లేశం, నువ్వు ఎక్కిరిస్తున్నది నీ బిడ్డను గాదు ర. ఫిట్సును."

నా ఒళ్లు మండిపోయింది. నలుగురిలో ఆ మాట అంటాడా! "మా బిడ్డ ఎన్నడన్న కిందవడ్డదా? నోట్లె నురుగు వచ్చిందా? ఏం మాట్లాడుతున్నవ్?" అని లేచాను. ఆయన గొంతు పెంచలేదు. "పడ్డదే ఫిట్స్ అనుకుంటే, పడనోళ్లు ఏడికి పోవాలె?" అన్నాడు. "నీకు బాయిల రోగులు దొరకలేదని ఇప్పుడు టీ కొట్టు కాడ దేవులాడుతున్నవా?" అని, సగం టీ అక్కడే వదిలేసి వచ్చేశాను.

కానీ ఆ సాయంత్రం శ్రీజ నా ముందు కూర్చుని అటుకులు తింటూ బడిలో జరిగిందేదో చెబుతోంది. మాట మధ్యలో ఆగింది. కళ్లు నా మీదే ఉన్నాయి, చూపు లేదు. "శ్రీజా" అన్నాను. భుజం తట్టాను. గట్టిగా ఊపాను. మొహం ముందు చేయి ఆడించాను. పరధ్యానంలో ఉన్న పిల్లను ఊపితే ఉలిక్కిపడుతుంది. ఇది ఉలిక్కిపడలేదు. కనురెప్పలు మాత్రం సన్నగా కొట్టుకుంటున్నాయి. లోపల ఎవరూ లేని ఇంటి తలుపు తట్టినట్టుంది. పదంకెలు లెక్కపెట్టేసరికి మళ్లీ వచ్చింది, ఆపిన మాట దగ్గరి నుంచే చెప్పుకుపోతోంది. "ఏంది బాపు, గట్ల చూస్తున్నవ్?" అంది. ఇరవైసార్లు చేసి నవ్వించిన ఐటెం అసలు రూపాన్ని నేను ఆ రోజే చూశాను.

తెల్లారి ఆయన ఇంటికి వెళ్లాను. క్షమించమని ఎలా అడగాలో నాకు తెలియదు, ఎప్పుడూ అలవాటు లేదు. ఆయన ఆ అవసరం రానివ్వలేదు. "తట్టి చూసినవా?" అన్నాడు. తలూపాను. "కూసో" అని అరుగు మీద కూర్చోబెట్టి, బాయిలో తాను చూసిన మనుషుల్ని ఒక్కొక్కరినీ నా ముందుకు తెచ్చాడు. "నెత్తిల ఉండే కరెంటు ఒక్కపారి లెక్క తప్పితే ఫిట్స్. నెత్తి మొత్తం తప్పితే మనిషి పడతడు, కొట్టుకుంటడు. అందరు చూసేది గదే. ఒక్క మూలకు తప్పితే గా మూల చేసే పనే చెడుతది. ఒకడుండె, నాతోని మంచిగ మాట్లాడుకుంటనే ఉండేది. బొటనేలు దుంకేది, మెల్లగ చెయ్యంత పాకేది. తెలివంత ఉండె వానికి. ఇంకొకడు సద్ది తిని కూసుండి ఊకె చప్పరించేది, గుండీలు పీక్కునేది. పిలిస్తే మన దిక్కే చూస్తడు గని మనల చూడడు. తాగిండని నేనే రాసిన, తెల్వక. ఇంకొక పిలగాడు, పొద్దున లేవంగనే రెండు చేతులు జిల్లుమని ఎగిరేటియి, టీ గిలాస పోయి గోడకు తాకేది. వాడేం చేసిండు? టీ బంద్ వెట్టిండు!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆయన గొంతు మారింది. "గిప్పుడు నీ బిడ్డది. పడది, కొట్టుకోది, తనకే తెల్వది. పది అంకెలు మాయమైతది, మల్ల వస్తది. గా పది అంకెలల్ల టీచర్ చెప్పింది ఆమెకు చేరది. పిల్ల అబద్ధం ఆడుతలేదు ర."

డిక్టేషన్ పుస్తకం తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను. ఆ ఖాళీల మీద వేలు పెట్టి, ఒక్కొక్క పేజీ తిప్పి, గాయం చూసినట్టు చూశాడు. ఆ ఎర్ర సిరాను మాత్రం చదవలేదు. పుస్తకం మూసి నాకు పని చెప్పాడు. "వారం దినాలు మైకు ఇంటి బయట పెట్టు. పిల్లను భయపెట్టకు, అడ్డం పోకు. చూడు. ఎన్నిటికి వచ్చింది, ఎంతసేపు, కండ్లు ఎట్లున్నయ్, చేతుల ఏమన్న ఆడిందా, తర్వాత నిద్ర వచ్చిందా. రాయి." ఫోనులో వీడియో తీద్దామని చూశాను గానీ, జేబులోంచి ఫోను వచ్చేలోపే పిల్ల వచ్చేసేది. కాబట్టి కళ్లే దిక్కయ్యాయి. బడి మానేశాక నేను పెన్ను పట్టుకుంది అప్పుడే. నా రాతను చూసి ఓదెలు కాక, "మందుల చీటీ లెక్కనే ఉన్నది. డాక్టరుకైతే మంచిగ సమజైతది" అన్నాడు.

కరీంనగర్‌లో నరాల డాక్టరు దగ్గరికి నలుగురం బస్సులో వెళ్లాం. మా పేరు పిలిచినప్పుడు ఓదెలు కాక లేవలేదు. "చూసింది నువ్వు. లోపల నాదేం లేదు" అన్నాడు. లోపల డాక్టరు ఏమైందని అడిగితే పద్మ, "ఊకె పరధ్యానంల ఉంటది సారు" అంది. ఆయన రాసుకోబోతున్నాడు. "సారు, చెప్పుడు గాదు, చూపిస్త" అని నేను కుర్చీలోంచి లేచాను. పెళ్లిళ్లలో, జాతరల్లో, ఓట్ల సభల్లో ఎన్ని వేషాలు వేశానో లెక్కలేదు. ఎవరూ నవ్వకూడదని మొక్కుకుంటూ వేసింది అదొక్కటే. రెండు నాలుగుల దగ్గర ఆగాను. కళ్లు, రెప్పలు, నోరు, పదంకెలు. ఎనిమిది. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. నా పుస్తకం అడిగి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

తర్వాత ఒక కాగితాన్ని సన్నటి పీలికగా చించి శ్రీజ చేతికిచ్చి, ఇది ఆగకుండా ఆడుతూ ఉండేలా ఊదమ్మా అన్నాడు. శ్రీజకు అదో ఆట. ఊదింది, ఊదింది. ఒక నిమిషం దాటింది. పీలిక గాలిపటం తోకలా ఆడుతోంది. పద్మ నా చేయి పట్టుకుంది. రెండో నిమిషంలో పీలిక ఒక్కసారిగా కిందికి వాలి నిలిచిపోయింది. శ్రీజ కళ్లు శూన్యంలోకి, రెప్పలు టపటపా. డాక్టరు ముందుకు వంగి మెల్లగా "నెమలి" అన్నాడు. ఆగాడు. పీలిక మళ్లీ ఆడింది.

"శ్రీజా, ఇప్పుడు నేనొక మాట చెప్పాను. ఏ మాట?"

శ్రీజ ఆయన్ని చూసింది, మమ్మల్ని చూసింది, భయపడింది. దెబ్బ పడుతుందనుకుందేమో, చేతులు వెనక్కి పెట్టుకుంది. "మీరేం చెప్పలే సారు" అంది.

పద్మ గట్టిగా ఏడ్చేసింది. ఇన్నాళ్లుగా ఆ పిల్ల చెబుతూ వచ్చిన నిజం అదే. డాక్టరు "నువ్వు కరెక్టే చెప్పావమ్మా" అన్నప్పుడు శ్రీజ మొహం చూడాలి. అంతకుముందు ఆ మాట దానితో ఎవరూ అనలేదు. అలా ఆపకుండా ఊదితే ఈ రకం ఫిట్స్ బయటపడుతుందట. తలకు తీగలు పెట్టి తీసే పరీక్ష చేశారు. అదీ ఆ మాటే చెప్పింది, ఇవి ఫిట్సేనని. ఇది మందుకు లొంగే రకమని, చాలామంది పిల్లలకు పెద్దయ్యేసరికి పోతుందని, అయితే మాత్రలు మీ అంతట మీరు ఆపకూడదని, నీళ్ల దగ్గర, పొయ్యి దగ్గర కనిపెట్టుకుని ఉండాలని చెప్పాడు. చివర్లో, "ఇంత వివరంగా ఎవరు చూడమన్నారు మీకు?" అన్నాడు. బయటికి వెళ్లి ఓదెలు కాకను లాక్కొచ్చాను. ఆయన చెప్పులు బయటే విడిచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏం చదువుకున్నారని డాక్టరు అడిగితే "నాలుగు సారు" అన్నాడు. "నాకంటే రెండు తక్కువ సారు" అన్నాను నేను, ఉండబట్టలేక. డాక్టరు లేచి ఆయనకు కుర్చీ జరిపాడు. ముప్పై ఏళ్లు డాక్టర్ల పక్కన నిలబడ్డ మనిషి. ఆ కుర్చీ అంచు మీద కూర్చున్నాడు గానీ, వీపు ఆనించలేదు.

డాక్టరు రాసిన కాగితం పట్టుకుని బడికి వెళ్లినప్పుడు నేను యుద్ధానికే తయారయ్యాను. నాలుగు మంచి తిట్లు కూడా దారిలో కూర్చుకున్నాను. కానీ శ్రీజ క్లాసు టీచర్ ఆ కాగితం చదివి, "నేను కొట్టాను కదా" అని అక్కడే కూలబడింది. నా వెంట వచ్చిన ఓదెలు కాక నన్ను వెనక్కి నెట్టి ఆమె ముందు నిలబడ్డాడు. "నేను గూడ ఒకన్ని తాగుబోతని రాసిన టీచరమ్మా. ముందు మనకు తెల్వలే. ఇప్పుడు తెలిసింది. గిప్పటికెంచి చూసుడు మన వంతు" అన్నాడు. నా నాలుగు తిట్లూ అలాగే మిగిలిపోయాయి. హెడ్‌మిస్ట్రెస్ శ్రీజను మూడో తరగతిలోనే ఉంచింది.

మాత్రలు ఒంటికి పట్టడానికి కొన్ని వారాలు పట్టింది. నా పుస్తకంలో గీతలు తగ్గుతూ వచ్చాయి. ఒక వారం ఒక్క గీతా లేదు. ఒక సాయంత్రం శ్రీజ బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి డిక్టేషన్ పుస్తకం నా మొహం మీద పెట్టింది. పేజీ నిండా అక్షరాలు. ఒక్క ఖాళీ లేదు. రాజు ఎక్కడ బయలుదేరాడో, ఎక్కడికి చేరుకున్నాడో మొత్తం ఉంది. "టీచర్ మారింది బాపు. ఇప్పుడు మెల్లగ చెప్తుంది!" అంది. మర్నాడు టీచర్‌ను అడిగాను. "లేదండీ, గంట కొట్టేస్తారని నిన్న ఇంకా తొందరగా చదివాను" అంది. నేను ఆటోకు మైకు కట్టి, కాలనీ వీధి వీధి తిరిగి ఆ డిక్టేషన్ పేజీ మొత్తం చదివి వినిపించాను. ఓదెలు కాక ఇంటి ముందుకు వచ్చేసరికి ఆయన గుమ్మంలోకి వచ్చాడు. బంద్ చెయ్ ర అంటాడని చేయి మీట మీద పెట్టి ఉంచాను. "జర సౌండు పెంచు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన నన్ను వదల్లేదు. ఆటో అడ్డాల దగ్గర, రైస్ మిల్లుల్లో, బడుల్లో మా ఇద్దరి జోడీ తిరిగింది. ఆయన చెప్పేవాడు, నేను చేసి చూపించేవాణ్ని. నవ్వు రావాలి గానీ, ఆ నవ్వు జబ్బున్న మనిషి మీద పడకూడదు, తాళంచెవులు తెచ్చేవాడి మీద పడాలి. అది ఆయన పెట్టిన షరతు. పెద్దపల్లిలో ఒక మిల్లు దగ్గర నేను చప్పరిస్తూ గుండీలు పీక్కునే మనిషిని చేసి చూపిస్తుంటే, వెనక నుంచి ఒక హమాలీ భార్య లేచి నిలబడింది. "మా ఆయన గిదే చేస్తడు. పొద్దుగాల్నే తాగుతుండని నేను పుట్టింటికి పోయిన" అంది. వాళ్లను మేమే దవాఖానకు తీసుకెళ్లాం. ఆర్నెల్లకు ఆ హమాలీ మిల్లు గేటు దగ్గర మమ్మల్ని ఆపి టీ తాగించాడు. గ్లాసు ఎత్తి, "గిది తప్ప నేనేం తాగ. మా ఆమె ముంగట జర చెప్పుండ్రి" అన్నాడు. ఓదెలు కాక అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

శ్రీజకు రెండేళ్లకు పైగా ఒక్కటీ రాకపోయేసరికి డాక్టరే మెల్లమెల్లగా మందు తగ్గించి ఆపేశాడు. మళ్లీ రాలేదు. అది పదో తరగతి గడప దాటిన రోజు ఓదెలు కాక మంచంలో ఉన్నాడు. మార్కుల కాగితం మీద ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి చదివాడు. "ఏడ ఖాళీ లేదు" అన్నాడు. ఆ నెలలోనే పోయాడు. నాకు ఆయన ఇచ్చిపోయిన వస్తువు ఏదీ లేదు. కానీ రోడ్డు మీద ఎవరైనా తూలినా, మాట మధ్యలో ఎవరి చూపైనా ఆగినా, నా నోరు దానంతటదే మూసుకుంటుంది. నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు, అది మామూలు మార్పు కాదని.

ఇప్పుడు ఒక్కణ్నే చెబుతున్నాను, ఒక్కణ్నే చేసి చూపిస్తున్నాను. మొన్నీమధ్య శ్రీజ చదివే కాలేజీ వాళ్లు పిలిచారు. నిండా పిల్లలు, లెక్చరర్లు. పడి కొట్టుకునే మనిషిని చేశాను, పక్కకు ఎలా తిప్పాలో వాళ్లతోనే చేయించాను. బొటనవేలు దుమికే మనిషి, గుండీల మనిషి, గ్లాసు ఎగరేసే పిల్లవాడు, అందరూ వచ్చి వెళ్లారు. చివర్లో రెండు నాలుగుల దగ్గర ఆగే ఎనిమిదేళ్ల పిల్లను చేశాను. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆరో తరగతి మూడేళ్లు చదివినవాడికి అంతకంటే ఏం కావాలి? గేటు దగ్గర శ్రీజ కలిసింది. ఛాతీ విరుచుకుని, "ఎట్ల చేసిన బిడ్డా? ఒక్క పొల్లు పోలే గదా!" అన్నాను.

శ్రీజ నన్ను పైకీ కిందికీ చూసి, బ్యాగు భుజానికి సర్దుకుని అంది: "అందరియి మంచిగనే చేసినవ్ బాపు. నాదే ఒక్కటి తప్పు చేసినవ్. నాకు గప్పుడు కండ్లల్ల నీళ్లు రాకపోయేటియి."